పెట్టె ఉన్నంత మేరా గ్యాలరీయే

మహాజనులకు, రసజ్ఞులకు, ముఖ్యంగా ముందు వరస కుర్చీల వారికి సాష్టాంగ నమస్కారాలతో క్షమాపణలు. ఈ పేజీల వల్ల మీ సౌందర్యదృష్టికి తగలబోయే గాయాలన్నిటికీ నాదే పూచీ. గ్యాలరీ తగలబడినందుకు క్షమించండి. డైరెక్టరు గారి ముందు పళ్ళు వారి నోట్లోంచి వారి ఒళ్ళోకి తరలివెళ్ళినందుకు క్షమించండి. ఆ ఆదివారం రేవులో చేపలు కొనే నాథుడు లేక కుళ్ళి, ఆ కంపు మీ మేడల దాకా వచ్చినందుకు మరీ మరీ క్షమించండి. సౌందర్యశాస్త్రంలో ఎం.ఏ. చదివినవాడు ఇంతకంటే బాగా రాయాల్సింది. దానికి మాత్రం నన్ను కాదు, నాకు ఫస్ట్ క్లాసు ఇచ్చిన వారిని నిలదీయండి. అప్పుడప్పుడు రాసుకున్నవి రాసుకున్నట్టే ఇస్తున్నాను. ఆఖరిది ఇవాళ రాశాను.

ఇట్లు, మార్కండేయులు, పెట్టె మనిషి, జీవకళా గ్యాలరీ, కొత్తరేవు.

నమోదు 1. సోమవారం

గ్యాలరీలో నా మొదటి పని పెట్టె మీద పడుకున్న బల్లుల్ని తోలడం. రెండో పని నన్ను నేను గట్టిగా గిల్లుకోవడం. ఊడ్చేవాళ్ళూ గార్డులూ వచ్చేదాకా ఆగి, అందరూ ఉన్నప్పుడు గిల్లుకోవాలి. ఒకరి నొప్పిని చుట్టూ ఉన్నవాళ్ళందరికీ సన్నగా పంచేదే పెట్టె; నాకొక్కడికే నొప్పి పుడితే అది చెడిపోయిందని అర్థం. ఇవాళ నాకేమీ తెలియలేదు. హాలు అటు చివర గార్డు కోటేశు మెడ గోక్కున్నాడు. పెట్టె భేషుగ్గా ఉంది.

"పొద్దున్నే గిల్లుడేంట్రా మార్కూ? రేపు నేను గిల్లుకుంటా, నువ్వు గోక్కో" అన్నాడు.

"నీకు ఎం.ఏ. లేదు కోటేశూ. గిల్లడం చదువుకున్నవాళ్ళ పని" అన్నాను.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళితే మా వీధి పెట్టె కింద నాగరత్నం గారి కోడలు నొప్పులు పడుతోంది. వీధి వీధంతా కలిసి కంటోందన్న మాట. మా అమ్మ వంతుకి నడుంలో కలుక్కుమని, పెనం మీద పెసరట్టు మాడింది. నా వంతు మజ్జిగ తాగుతుంటే వచ్చింది, పొలమారింది. కోడలు పిల్ల మాత్రం మంచం మీద వెల్లకిలా పడుకుని సీరియల్ చూస్తోందట. చివరికి ఏడుపు వినబడింది.

"ఆడపిల్ల! అట్టు పోతే పోయింది" అంది మా అమ్మ.

బారసాల నాడు ఆ పిల్ల మణికట్టు చర్మం కింద కూడా గింజ నాటుతారు. ఇక జన్మలో దేన్నీ ఒంటరిగా భరించక్కర్లేదు. ఏ వీధిలో నిలబడితే ఆ వీధి పెట్టె చూసుకుంటుంది. కాలేజీలో దీన్ని 'మానవజాతి మహోపకారం' అని రెండు పేజీలు రాస్తే పది మార్కులు వేసేవారు. నేను మూడు రాశాను.

నమోదు 2. శనివారం

ప్రదర్శన. కృతి పేరు 'తీగ'. కళాకారిణి మందార. మేకులు కొట్టేది దాలయ్య, ఆవిడకి మేనమామ, ఒకప్పుడు రేవులో పడవలు కట్టినవాడు. ఆయన సుత్తి ఎత్తి, మందారక్క ఎడమ ముంజేతి మీద సన్నజాజి తీగ ఆకారంలో వరసగా మేకులు దించుతాడు. హాలు నిండా జనం ఉంటారు కాబట్టి ఒక్కో మేకుకీ ఒక్కొక్కరికీ చీమ కుట్టినంత. జనం 'స్స్' అని ముద్దుగా అనుకుంటారు. పిల్లలు కితకితలు పెట్టినట్టు నవ్వుతారు. అక్కకీ అంతే, చీమ. అయిపోయాక మేకులు పీకి, కండా ఎముకా జిగురుతో అతికిస్తే పక్షం తిరిగేసరికి కొత్త చెయ్యి. మళ్ళీ ప్రదర్శన.

ఇవాళ ఐదో పువ్వు దగ్గర మేకు రక్తనాళాన్ని చీల్చింది. అక్క జనం వైపు తిరిగి నవ్వుతూనే ఉంది. నెత్తురు బల్ల మీంచి జారి, మెట్లు దిగి, ముందు వరస వారి చెప్పుల్ని పలకరించింది. దాలయ్య మావ సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. అక్క "ఏటి మావా, ఆగిపోనావు?" అంది. అని, కుర్చీలోంచి పక్కకి ఒరిగింది.

చప్పట్లు. లేచి నిలబడి మరీ చప్పట్లు.

డైరెక్టరు వాచస్పతి గారు నా భుజం నొక్కి, "రక్తం చాలా సహజంగా వచ్చింది కదూ?" అన్నారు.

"అవును సార్, దానికి రిహార్సల్ అక్కర్లేదు" అన్నాను. వారు దాన్ని ప్రశంసగా తీసుకున్నారు.

నమోదు 3. మంగళవారం

ఆసుపత్రిలో అక్క లేచి కూర్చుంది. ముఖం సున్నం కొట్టినట్టుంది. ఇంకో చెంబెడు నెత్తురు పోయుంటే నవ్వుతూనే పోయేదని డాక్టరమ్మ అందట. ఇంకోసారి ఇలాగైతే తన దగ్గరికి తేవద్దని కూడా అందట.

"నాకు తెలవలేదురా మార్కూ" అంది అక్క. "నా నెత్తురు సంగతి నాకంటే ముందు రెండో వరసలో మామిడి తాండ్ర తింతన్న ఆవిడకి తెలిసిపోనాది. నా ఒంట్లో నానే ఆఖర్న వచ్చినట్టున్నాది."

దాలయ్య మావ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. "నాను ఇంక సుత్తి పట్టను. నా సేత్తో నిన్ను సంపీసి, ఆల్ల సేత సప్పట్లు కొట్టించుకోమంటావేటే గుంటా?"

"ఒక్క దెబ్బ మావా. మేకు వొద్దు. సిటికెన ఏలు మీద ఒక్కటే దెబ్బ. గ్యాలరీలో కాదు, మన రేవులో, పెట్టె లేకుండా. ఆ నొప్పి మొత్తం నాకే రావాల. నా మొకం ఆల్లు సూడాల. అది సూసినాక కూడా ఎవుడైనా టిక్కెట్టు కొంటే అప్పుడు నాను ఓడిపోయినట్టు. ఈలోగా ఆల్లు సప్పట్లు కొడతా ఉంటారు, నాను నవ్వుతా ఉంటాను, ఏదో శనివారం ఎలిపోతాను."

"రేవు పెట్టెనేం చేస్తారక్కా? ఆపితే ఉరే కదా" అన్నాను. పెట్టె ఆపడం మా చట్టంలో హత్య కంటే ఒక మెట్టు పైన ఉంటుంది.

"ఆపడమెందుకు? పడవలో పెట్టి సముద్రం మీదకి షికారు పంపుతాం. ఉప్పుగాలికి సెడిందనీ, బాగుసేయించడానికి పక్క రేవుకి తోలినామనీ సెప్తాం."

దాలయ్య మావ గోడ వైపే చూస్తూ, "ఏ ఏలు అన్నావు?" అని అడిగాడు. ఒప్పుకున్నట్టే.

నమోదు 4. గురువారం

అక్క నిన్న అదే వేదిక ఎక్కి, ప్రకటన చేసేసింది. "ఆదివారం పొద్దున్న రేవులో. టిక్కెట్టు లేదు. కుర్చీ లేదు. పెట్టె లేదు." ముందు వరస ఆవిడ ఒకరు "మరి ఏ.సీ.?" అని అడిగారు.

ఇవాళ వాచస్పతి గారు నన్ను గదిలోకి పిలిచారు. టీ ఇప్పించారు. నాకు భయం వేసింది.

"మార్కండేయులూ, గ్యాలరీ అంటే ఏమిటయ్యా?"

"గోడలు సార్. గోడలకి మేకులు. ఈ మధ్య మనుషులకి కూడా."

"తప్పు. చట్టం చదువుకో. ప్రదర్శనశాల అనగా పెట్టె పనిచేసే మేర. పెట్టె ఉన్నంత మేరా గ్యాలరీయే. మందార ఒంటి మీద పడే ప్రతి గాయం మీదా మనకి ఒప్పందం ఉంది. ఆవిడ రేవుకి వెళ్తే రేవుకి మన గ్యాలరీ వెళ్తుంది."

"ఎలా సార్? గ్యాలరీకి కాళ్ళు లేవుగా."

వారు నా కాళ్ళ వైపు చూశారు.

సాయంత్రం తోలుపనివాడు వచ్చి నా వీపు కొలతలు తీసుకున్నాడు. పెట్టెని వీపుకి బిగించేందుకు తోలు పట్టీలు కుడతాడట. ఇలాంటప్పుడు మగాడన్నవాడు ఉద్యోగం ముఖాన కొట్టి రావాలి. నేను భుజాల దగ్గర కొంచెం వదులుగా కుట్టమన్నాను.

నమోదు 5. శుక్రవారం

అక్క నన్ను పడవ ఎక్కించింది. దాలయ్య మావ తెడ్డు వేశాడు. రేవు పెట్టె మేర దాటేదాకా పోయాం. ఎక్కడ దాటామో తెలుసుకోవడానికి అక్క దారి పొడుగునా నా చెవి మెలిపెడుతూనే ఉంది. కితకితలుగా ఉండి, ఏదో జోకు వేస్తున్నాను. ఉన్నట్టుండి లోకం తెల్లబడిపోయింది. నా గొంతులోంచి నాది కాని శబ్దం ఒకటి వచ్చింది. కళ్ళమ్మట నీళ్ళు. చెవి ఊడి సముద్రంలో పడిందనుకున్నాను. తడుముకుంటే ఉంది.

"ఇదేనేటిరా మీ ఎం.ఏ. బలం?" అంది అక్క పడీపడీ నవ్వుతూ.

తర్వాత గాలం ముల్లు తీసుకుని తన బొటనవేల్లో గుచ్చుకుంది. "అమ్మా!" అని అరిచింది. పడవంతా ఊగింది. వేలు నోట్లో పెట్టుకుని, తీసి చూసుకుని, మళ్ళీ పెట్టుకుంది. "మావా, ఎక్కడున్నాదో తెలుస్తన్నాది! సరిగ్గా ఇక్కడ! ఇది నాదే!"

దాలయ్య మావ తెడ్డు ఆపలేదు, ముఖం కూడా ఇటు తిప్పలేదు. "సాల్లే. ఎనక్కి పోదాం. పొద్దెక్కుతన్నాది" అన్నాడు.

నమోదు 6. ఆదివారం, ఆసుపత్రి వరండా

పెట్టె బరువు బియ్యం బస్తా అంత. ముందు వాచస్పతి గారు మైకుతో, వెనక గార్డులు లాఠీలతో, మధ్యలో నేను, ఊరేగింపులో ఉత్సవ విగ్రహంలా. దారిలో ఎవరో నాకు దణ్ణం కూడా పెట్టారు.

రేవు కిటకిటలాడుతోంది. రేవు పెట్టె తెల్లారకముందే పడవెక్కి పోయింది. చేపలు కోసే ఆడవాళ్ళు జన్మలో మొదటిసారి జాగ్రత్తగా కోస్తున్నారు. ఒకావిడ తెగిన వేలికి గుడ్డ చుట్టుకుని, కొత్త ఉంగరం చూపించినట్టు అందరికీ చూపిస్తోంది. బోర్లించిన పడవ మీద మందారక్క కూర్చుని ఉంది. ఎదురుగా చెక్క. దాని మీద కుడి చెయ్యి. పక్కన సుత్తితో దాలయ్య మావ.

"ఇది నా ఏలు" అంది అక్క, మైకు లేకుండానే. "దీన్ని ఎవులూ పంచుకోకండి. సూడండి, సాలు."

మేం జనాన్ని తోసుకుని వచ్చేసరికి సుత్తి గాల్లో ఉంది. దిగింది. చెరకు గడ విరిచిన చప్పుడైంది. నా మణికట్టులో చీమ కుట్టింది. అందరికీ కుట్టింది. రేవు రేవంతా 'స్స్' అంది.

అక్క ముఖంలో ఏమీ రాలేదు. వేలు వైపు చూసింది. అది పక్కకి వాలి ఉంది. తర్వాత తలెత్తి, జనంలో వెతికి, నన్ను పట్టుకుంది.

"మార్కూ. ఏటి తెచ్చావురా ఈపు మీద?"

"పెట్టె అక్కా."

"తీసుకుపో."

"డైరెక్టరు గారు..."

"తీసుకుపోరా!"

వాచస్పతి గారు మైకు ఎత్తారు. "పెట్టె ఉన్నంత మేరా గ్యాలరీయే! టిక్కెట్టు లేనివారు దయచేసి బయటికి నడవండి!"

"బయటికంటే ఎటు బాబూ? సముద్రంలోకా?" అని అడిగింది ఒక చేపలావిడ. అడిగి, వంజరం చేపని తోకతో పట్టుకుని వారి చెంప మీద కొట్టింది. చెంపదెబ్బ అందరం పంచుకున్నాం. బాగుంది.

గార్డులు లాఠీలు ఎత్తారు.

మొదట అదొక తిరునాళ్ళలా ఉంది. లాఠీ పడితే చీమ, మళ్ళీ లాఠీ, మళ్ళీ చీమ. ఎవరూ కదల్లేదు. వీపులు చూపించి "ఇక్కడ, ఇక్కడ" అన్నారు. దెబ్బ తగులుతున్నట్టు ఎవరి ముఖంలోనూ కనబడకపోతే కొట్టేవాడికి రోషం వస్తుంది. గట్టిగా కొట్టారు. కోటేశు లాఠీ విరిగింది, దాని కింద ఉన్నవాడి మోచెయ్యీ విరిగింది. ఏ చప్పుడు పెద్దదని కోటేశూ ఆ మనిషీ నవ్వుతూ వాదించుకున్నారు. ఒకావిడ తన పళ్ళు ఏరుకుని కొంగున ముడేసుకుంది. తెడ్లు వచ్చాయి. ఒక గార్డు నడ్డి విరిగి కూలబడి, లేవబోయి, కాళ్ళు మాట వినకపోతే వాటిని ముద్దుగా తిట్టాడు. మోకాలి కింద ఎముక బయటికి వచ్చినవాడు దాని మీదే నడుస్తున్నాడు. ఒడ్డున ఇసక ఎర్రగా బురదైంది, అందులో జారిపడి జనం ఇంకా నవ్వారు. నాకు మాత్రం మణికట్టులో చీమలు ఆగకుండా కుడుతున్నాయి.

"ఆపండిరా! సచ్చిపోతన్నారు! మీకు తెలవట్లేదు!" అక్క తెడ్డు తిప్పుతూ అరుస్తోంది. విరిగిన వేలు తెడ్డు పక్కన గుడ్డపీలికలా ఊగుతోంది. ఆవిడ మాట ఎవరు నమ్ముతారు? అందరూ అంత సంతోషంగా ఉన్నారు.

ఆవిడ మీదికి వచ్చిన లాఠీకి దాలయ్య మావ అడ్డం వచ్చాడు. అది నెత్తి మీద పడింది. కొబ్బరికాయ చప్పుడు. ఆయన పడవకి ఆనుకుని మెల్లగా కూర్చున్నాడు. చెవిలోంచి నెత్తురు, మెడ మీదికి, చొక్కాలోకి.

"ఓ బావూ, ఇదేటి?" అన్నాడు నాతో, నవ్వుతూ. "ఎడమ కంటికి ఎవుడో తెర దించీసినాడు."

"అద్భుతం!" అంటున్నారు వాచస్పతి గారు మైకులో. నిజంగా ఏడుస్తున్నారు. "ఇంత సహజమైన ప్రదర్శన మన గోడల మధ్య ఎన్నడూ రాలేదు! ఎవరూ ఆగొద్దు! మందారా, ఇది నీ కృతి! కొట్టండి, కొట్టండి, ఆగొద్దు!"

అప్పుడు పెట్టె ఆగింది.

తర్వాత వచ్చినదాన్ని రాయడానికి నా దగ్గర మాటల్లేవు. నాకు ఎం.ఏ. ఇచ్చినవాళ్ళ దగ్గర కూడా లేవు. పెట్టెలొచ్చి నలభై ఏళ్ళు; ఆ రేవులో అంతకంటే చిన్నవాళ్ళలో అక్కా నేనూ తప్ప మనిషి అరుపు నిజంగా విన్నవాళ్ళెవరూ లేరు. ఇప్పుడు అందరూ ఒక్కసారే అరిచారు. ఎముక మీద నడిచినవాడు దాన్ని చూసుకుని నేల మీద పొర్లాడు. పళ్ళు కొంగున కట్టుకున్నావిడ నోరు రెండు చేతులతో మూసుకుంది. లాఠీలు వాటంతటవే జారిపోయాయి. ఒక గార్డు మాత్రం అలవాటు కొద్దీ ఇంకో రెండు వేసి, కిందివాడి ముఖం చూసి, అక్కడే కక్కుకున్నాడు. కోటేశు చేతిలో మిగిలిన లాఠీ ముక్క వంక చూశాడు, విరిగిన మోచేతి మనిషి వంక చూశాడు, నడుచుకుంటూ వాచస్పతి గారి దగ్గరికి వెళ్ళి ఆ ముక్కతోనే నోటి మీద ఒక్కటి పెట్టాడు. ఆ దెబ్బని పంచుకునేవాళ్ళు లేరు.

అక్క తెడ్డు వదిలేసింది. వేలు పొట్టలో దాచుకుని, ముడుచుకుని, జంతువులా ఊళ పెట్టింది. అలాగే మోకాళ్ళ మీద పాక్కుంటూ మావ దగ్గరికి పోయింది. ఆయన నవ్వు ఆగిపోయి ఉంది. నోరు తెరిచాడు. ఆ అరుపు చాలాసేపు సాగింది. ఆవిడ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, తన చేత్తో, ఆ చేత్తోనే, పట్టుకుంది. అరుపు ఆగింది.

ఇద్దరి నొప్పీ ఇద్దరికీ విడివిడిగా వచ్చింది.

నమోదు 7. ఇవాళ

గ్యాలరీని రేవు ఆడవాళ్ళు తగలబెట్టారు. నేనని పుకారు. డైరెక్టరు గారి పళ్ళు నేను రాలగొట్టానని ఇంకో పుకారు. కోటేశు అడ్డు చెప్పడం లేదు, మంచి స్నేహితుడు. కొత్త గ్యాలరీకి చందాలు మొదలయ్యాయి. కుర్చీలు కొన్నారు గానీ, మేకులు కొట్టించుకునే మనిషి ఇంతవరకూ దొరకలేదు.

దాలయ్య మావతో కలిపి ముగ్గురు పోయారు. అరుపులు లేకపోతే ఇంకా చాలామంది నవ్వుకుంటూ ఇళ్ళకి నడిచి, దారిలో పడిపోయేవాళ్ళని డాక్టరమ్మ చెప్పింది. అరిచారు కాబట్టి ఎవరికి ఎక్కడ విరిగిందో తెలిసిందట. దాలయ్య మావ సంగతి అడిగాను. "ఆయన ఎలాగూ దక్కేవాడు కాదు. పెట్టె ఉంటే ఓ పూట మీతో కబుర్లు చెప్పి, నిద్రపోయినట్టు పోయేవాడు" అంది.

విచారణలో రేవు వాళ్ళంతా ఒకే మాట మీద ఉన్నారు. కెరటం ఎగిరొచ్చి నా వీపు మీద పడిందనీ, పెట్టెలోకి ఉప్పునీళ్ళు పోయాయనీ. ఎవరూ వాళ్ళని చెప్పమని అడగలేదు. చేపలావిడ కెరటం ఎంత ఎత్తు వచ్చిందో చెయ్యెత్తి మరీ చూపించింది. అధికారులు రాసుకున్నారు. నన్ను ఇంటికి పంపారు.

పొద్దున్న మందారక్క వచ్చింది. వేలికి జిగురు వెయ్యనివ్వలేదట. వంకరగానే ఉంది. మా అమ్మ కాఫీ ఇచ్చింది. ఎడమ చేత్తో తాగింది.

"మార్కూ, నిజంగా కెరటమేనేటిరా?"

"అవునక్కా."

"ఎంత ఎత్తు?"

నేనూ చెయ్యెత్తి చూపించాను. చేపలావిడ చూపించినంతే. అక్క నా చెయ్యి వైపు చూసి, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది.

కెరటం రాలేదు. ఆ పొద్దున్న సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. కుడి చెయ్యి వెనక్కి పెట్టి పెట్టె మూత తెరిచాను. దాలయ్య మావ ఉన్న ఒక్క కంటితో నా వైపే చూస్తున్నాడు, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. మరుక్షణం ఆయనకేమవుతుందో నాకు తెలుసు. మీట దించాను.